‘పాలు చాలట్లేదు’ అనే ముందు

కాన్పు అయిన రెండో రోజు. బిడ్డ ఏడుస్తోంది, బాలింత కుట్ల నొప్పితో పక్కకి కూడా తిరగలేకపోతోంది, చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు "ఇంకా పాలు పడలేదా?" అని అడుగుతారు. గంట తిరక్కముందే బిడ్డ తండ్రి కిందికెళ్లి మెడికల్ షాపు నుంచి పాలపొడి డబ్బా, సీసా తెస్తాడు. బిడ్డ తాగి నిద్రపోతుంది, అందరి టెన్షన్ తగ్గుతుంది, "చూశావా, ఆకలికే ఏడ్చింది" అని తేల్చేస్తారు. హైదరాబాద్ ప్రసూతి వార్డుల్లో ఇది రోజూ జరిగేదే. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, అందరూ బిడ్డ మీద ప్రేమతోనే చేస్తారు. కానీ చాలామంది తల్లులకు పాలు తగ్గిపోవడం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే రెండో రోజు పాలు ధారగా రావు, రావాల్సిన అవసరమూ లేదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, ఒక్కోసారికి ఒకటి రెండు చెంచాలకు మించవు. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు అవే సరిపోతాయి, రోగాలను ఆపే శక్తి కూడా వాటిలోనే ఎక్కువ. పాలు బాగా దిగేది మూడో రోజు ప్రాంతంలో. సిజేరియన్ అయినవాళ్లకు, తొలి కాన్పు వాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో రోజో రెండు రోజులో ఆలస్యం కావచ్చు. ఈలోపు బిడ్డ బరువు కొంత తగ్గుతుంది, అదీ మామూలే. పుట్టిన బరువులో 7 శాతం లోపు తగ్గితే గాభరా పడక్కర్లేదు, రెండు వారాల్లో ఆ బరువు తిరిగి వచ్చేస్తుంది. 10 శాతం దాకా పోతే మాత్రం డాక్టరు చూడాల్సిందే.

పాలు ఎలా పడతాయో తెలిస్తే ఆ డబ్బా ఏం చేస్తుందో అర్థమవుతుంది. బిడ్డ రొమ్ము చీకిన ప్రతిసారీ తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి తోస్తుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, నిండుగా ఉండిపోతే "ఇంక చాలు" అని శరీరం తగ్గించుకుంటుంది. డబ్బా పాలతో పొట్ట నిండిన బిడ్డ మూడు నాలుగు గంటలు నిద్రపోతే, ఆ మూడు నాలుగు గంటలు తల్లి శరీరానికి అడిగేవాళ్లు లేరు. రోజుకు రెండుసార్లు అలా జరిగితే మూడో రోజు పడాల్సిన పాలు నిజంగానే తక్కువ పడతాయి. అప్పుడు "మేం ముందే చెప్పాం కదా" అంటారు. లేని లోటు మూడు రోజుల్లో నిజమైన లోటుగా మారిపోతుంది.

రెండో హార్మోన్ పనికి మన భాషలో చక్కటి పేరుంది, చేపు. దూడను కుడిపితే గానీ గేదె చేపదని, కొత్త మనిషి పాలు పితకడానికి కూర్చుంటే అసలే చేపదని పాడి ఉన్న ఇళ్లలో అందరికీ తెలుసు. పోలిక మొరటుగా అనిపించినా మనిషి శరీరం కూడా అంతే. భయం, నొప్పి, సిగ్గు, ఎవరో తప్పు పడుతున్నారన్న బాధ, ఇవన్నీ ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటాయి. పాలు లోపలే ఉంటాయి, రావు. నలుగురు బంధువులు మంచం చుట్టూ నిలబడి "వస్తున్నాయా, రావట్లేదా" అని చూస్తుంటే ఎవరికి చేపుకొస్తుంది? గదిలోంచి ముగ్గురిని బయటికి పంపడం కూడా బాలింతకు చేసే పెద్ద సాయమే.

ఆసుపత్రుల పాత్ర ఇంకా పెద్దది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 40 మంది కూడా లేరు. అంటే ఇది ఆసుపత్రి దాకా రాలేకపోయిన పల్లెటూరి సమస్య కాదు, డాక్టర్లూ నర్సులూ పక్కనే ఉండగా జరుగుతున్న లోపం. అదే సర్వేలో రాష్ట్రంలో సిజేరియన్లు నూటికి 60కి పైనే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80కి పైన. ఆపరేషన్ థియేటర్‌లో కుట్లు వేస్తూ ఉంటారు, బిడ్డను తుడిచి బయట బంధువులకు చూపిస్తారు, తర్వాత నర్సరీకి, తల్లి రికవరీ గదికి, ఇద్దరూ కలిసేసరికి నాలుగైదు గంటలు. నిజానికి వెన్నుకు మత్తిచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ బాగుంటే థియేటర్‌లోనే బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు, గదికి వచ్చాక తల్లిని పక్కకి తిప్పి, వీపు వెనక దిండు పెట్టి పాలు పట్టించవచ్చు. కావాల్సిందల్లా అరగంట పక్కన నిలబడే నర్సు. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ఏసీ గది, స్పెషల్ ప్యాకేజీ గురించి అడిగినట్టే "సిజేరియన్ అయితే బిడ్డను తల్లి దగ్గరికి ఎంతసేపట్లో తెస్తారు, పాలు పట్టించడం ఎవరు నేర్పిస్తారు" అని ఏడో నెలలోనే అడగాలి. కొన్ని ఆసుపత్రుల్లో ఇప్పుడు లాక్టేషన్ కన్సల్టెంట్లు, అంటే పాలు పట్టించడం నేర్పే నిపుణులు, ఉంటున్నారు, డిశ్చార్జి కాకముందే ఒకసారి చూడమని అడగొచ్చు.

ఇక నొప్పి. పాలివ్వడం అంటే మొదట్లో నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి అని చెప్పే అలవాటు మనకుంది. ఇది పూర్తిగా నిజం కాదు. మొదటి కొద్ది క్షణాలు లాగినట్టు ఉండటం వేరు, పాలిచ్చినంతసేపూ పళ్లు బిగబట్టుకోవాల్సి రావడం వేరు. రెండోది చాలాసార్లు బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టలేదని చెప్పే గుర్తు. బిడ్డ చనుమొన ఒక్కదాన్నే నోట్లో పెట్టుకుంటే పాలు సరిగా రావు, మొన చిట్లుతుంది. నోరు ఆవలించినంత పెద్దగా తెరిచినప్పుడు, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువ వంతు, ముఖ్యంగా కిందివైపు, నోట్లోకి వెళ్లాలి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరసలో, పొట్ట తల్లి పొట్టకు తగిలేలా ఉండాలి. తల్లి వంగి బిడ్డ మీదకు రావడం కాదు, బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి. సరిగ్గా పట్టకపోతే చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి మెల్లగా విడిపించి మళ్లీ పట్టించాలి, పదిసార్లయినా సరే. చిట్లిన చోట పాలిచ్చాక రెండు చుక్కల పాలే రాసి గాలికి ఆరనివ్వాలి, సబ్బు పెట్టి రుద్దకూడదు. పట్టు సరిచేయకుండా ఎన్ని క్రీములు రాసినా మళ్లీ చిట్లుతుంది.

చనుమొనలు లోపలికి ఉన్నాయని, ఈ అమ్మాయి పాలివ్వలేదని పురిటి గదిలోనే తీర్పు చెప్పేసేవాళ్లున్నారు. బిడ్డ పట్టేది మొన ఒక్కటే కాదు కాబట్టి అలాంటి తల్లుల్లో చాలామంది కొంచెం సాయంతో బాగానే ఇస్తారు. మన ఆసుపత్రుల్లో నర్సులు వాడే చవకైన ఉపాయం ఒకటుంది. కొత్త సిరంజి ముందు భాగం కోసేసి, పిస్టన్‌ను కోసిన వైపు నుంచి దూర్చి, నున్నగా ఉన్న రెండో వైపు మొన మీద పెట్టి, పాలిచ్చే ముందు అర నిమిషం మెల్లగా లాగుతారు. కాన్పు తర్వాతే చేయాలి, మొదటిసారి నర్సు చేతే చేయించుకోవాలి.

మూడో రోజో నాలుగో రోజో పాలు ఒక్కసారిగా దిగినప్పుడు రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. అప్పటిదాకా "పాలు లేవు" అన్న ఇంట్లోనే ఇప్పుడు "పాలు గడ్డ కట్టాయి" అని కంగారు. బిడ్డకు ఆ గట్టి రొమ్ము నోటికి దొరకదు, జారిపోతుంది, ఏడుస్తుంది. పట్టించే ముందు చేత్తో కొద్దిగా పాలు పిండి, మొన చుట్టూ వేళ్లతో లోపలికి మెల్లగా నొక్కి మెత్తబరిస్తే పట్టగలుగుతుంది. పాలివ్వడం అయ్యాక చల్లటి తడి గుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. గట్టిగా పిసకడం మాత్రం మంచిది కాదు, లోపల వాపు ఇంకా పెరుగుతుంది. ఒకచోట ఎర్రగా మారి, ముట్టుకుంటే భరించలేనంత నొప్పి, చలి జ్వరం వస్తే అది రొమ్ము వాపు జబ్బు. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చాలా ఇళ్లలో ఆ వైపు పాలు మానిపిస్తారు, చెడిపోయాయని అంటారు. మానితే పాలు నిలిచి చీముగడ్డ అయ్యే ప్రమాదం ఉంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు, మామూలుగానే ఇస్తూ ఉండాలి. పాలిచ్చే తల్లికి సరిపడే యాంటీబయాటిక్స్ ఉన్నాయి.

తర్వాత వచ్చేది సాయంత్రాల ఏడుపు. రెండు మూడు వారాల బిడ్డ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అరగంటకోసారి రొమ్ము అడుగుతుంది, తాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ ఏడుస్తుంది. ఆ వేళకి తల్లి అలసిపోయి ఉంటుంది, రొమ్ములు మెత్తగా ఉంటాయి, అత్తగారైనా అమ్మయినా "ఖాళీ అయిపోయాయి, పాపం పిల్ల ఆకలితో అల్లాడుతోంది" అంటారు. మెత్తగా ఉన్న రొమ్ము ఖాళీ రొమ్ము కాదు. నెల దాటాక చాలామందికి బిగువు తగ్గిపోతుంది, శరీరం బిడ్డ లెక్కకు అలవాటు పడిందని అర్థం. బిడ్డ అలా మాటిమాటికీ తాగడం పాలు పెంచుకునే పద్ధతి. అందుకే ఏడుపును బట్టి పాలు కొలవడం కంటే ఉచ్చను బట్టి కొలవడం మేలు. ఐదో రోజు దాటాక 24 గంటల్లో ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో ఉచ్చ పోస్తూ, విరేచనం నల్ల రంగు పోయి పసుపుగా మారి, వారం వారం బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఇప్పటి డైపర్లు అంతా పీల్చేసుకుంటాయి కాబట్టి లెక్క తెలియదు, అనుమానం ఉన్నప్పుడు రెండు రోజులు పాత నూలు చీర గుడ్డలు వాడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఇంటి ఆచారాల్లో కొన్ని బాగా పనికొస్తాయి, కొన్ని ఎదురు తిరుగుతాయి. నలభై రోజులు బాలింతను పని చేయనివ్వకపోవడం, వేడి నీళ్లు పోసి ఒళ్లు రుద్దడం, వేళకు తిండి పెట్టడం, ఇంతకన్నా మంచి సాయం ఏ పుస్తకమూ చెప్పదు. కానీ పథ్యం పేరుతో రెండు పూటలా కారప్పొడి అన్నం పెట్టడం, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని దాహంతో ఉంచడం తల్లికి నీరసం తెస్తాయి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి. అది దాదాపు ఒక పూట భోజనం. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పండు, ఏదీ మానాల్సిన పని లేదు. వెల్లుల్లి కారం, మెంతులు, మునగాకు, కోస్తా వైపు వాళ్లయితే పాల సొర చేప కూర, ఇష్టంగా తింటే తిననివ్వండి, మంచి ఆహారమే. కానీ బిడ్డ చీకకుండా ఏది తిన్నా పాలు పెరగవు.

బిడ్డకు పెట్టే వాటి విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్, వస అరగదీసి పోయడం, ఇవేవీ వద్దు. తేనె వల్ల ఏడాది లోపు పిల్లలకు బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటినా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో 87 శాతం నీళ్లే. పిల్లలకు స్నానం చేయించే ఆవిడ విషయం కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్లకు వచ్చి లాల పోసే ఈ ఆడవాళ్లలో చాలా అనుభవం ఉన్నవాళ్లున్నారు, తల్లికి ధైర్యం చెప్పేదీ వాళ్లే. కానీ పసిబిడ్డ రొమ్ముల్లో కొద్దిగా పాలు కనిపిస్తే పిండేసే అలవాటు కొందరికి ఉంది. అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చి తనంతట తానే పోయే వాపు, పిండితే చీము పట్టవచ్చు. మర్యాదగానే వద్దని చెప్పాలి. ఆ మాట ఇంటి పెద్దావిడ చెబితే ఇంకా బాగా వింటారు.

అన్ని కేసులూ పట్టుతోనూ ధైర్యంతోనూ సరిపోతాయని చెప్పడం అబద్ధం అవుతుంది. నిజంగా పాలు తక్కువ పడే తల్లులు ఉన్నారు. థైరాయిడ్ అదుపులో లేకపోవడం, కాన్పులో రక్తం బాగా పోవడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, రొమ్ముకు గతంలో జరిగిన ఆపరేషన్, రొమ్ములో పాల కణజాలం సరిగా పెరగకపోవడం లాంటివి కారణాలు. బిడ్డ వైపు నుంచి నాలుక కింద పొర బిగుతుగా ఉండటం, నెలలు నిండకపోవడం. బిడ్డ పాలకు కూడా లేవకుండా మత్తుగా పడి ఉంటున్నా, నాలుగో రోజు తర్వాత కూడా ఉచ్చ రెండు మూడుసార్లకు మించకపోయినా, అది ఇటుక రంగులో ఉన్నా, పచ్చకామెర్లు కాళ్ల దాకా పాకినా అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి. కిటికీ దగ్గర ఎండలో పడుకోబెట్టి కామెర్లు తగ్గుతాయని కూర్చోకూడదు. ఇలాంటప్పుడు అదనపు పాలు పట్టడం వైద్యం, తల్లి ఓటమి కాదు. ముందు తల్లి పిండిన పాలు, అవి చాలకపోతే డాక్టరు చెప్పిన కొలతలో డబ్బా పాలు, సీసాతో కాకుండా మన ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టిస్తే బిడ్డ రొమ్ము మరిచిపోదు. నెలలు నిండని పిల్లలకు దాత తల్లుల పాలు కూడా దొరుకుతాయి. నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది. అలాంటి బ్యాంకుల్లో ఇచ్చేవాళ్లకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట పాశ్చరైజ్ చేసి, ఐసీయూలో ఉన్న పసికందులకు వాడతారు.

డబ్బా పాలు మందులా అవసరం పడినప్పుడు వాడటం వేరు, అమ్ముడుపోవడం కోసం చేతిలో పెట్టడం వేరు. 1992లో మన దేశం చట్టమే చేసింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేసింది. దాని ప్రకారం రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయకూడదు. ఆసుపత్రిలో ఎవరైనా ఫలానా బ్రాండు కొనమని చీటీ రాసి ఇస్తే, వైద్య కారణం ఏమిటని అడిగే హక్కు కుటుంబానికి ఉంది.

తల్లి మనసు సంగతి ఎవరూ లెక్కలో వేయరు. కాన్పు తర్వాత మొదటి పది, పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి జరుగుతుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోతే, నిద్ర పట్టే అవకాశం ఉన్నా పట్టకపోతే అది జబ్బు, దానికి మందుంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. "నీకు పాలు లేవు" అన్న మాట ఇలాంటి స్థితిలో ఉన్న ఆడపిల్లకు ఎలా తగులుతుందో ఆ మాట అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. భర్త చేయగలిగింది చాలా ఉంది. రాత్రి బిడ్డను లేపి తెచ్చివ్వడం, తాగాక త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, పాలిచ్చేటప్పుడు చెంబుడు నీళ్లు పక్కన పెట్టడం, చుట్టాలకు ఫోన్ చేసి "ఇరవై ఒకటో రోజు తర్వాత రండి" అని తనే చెప్పడం.

ఉద్యోగం దగ్గర ఇంకో గండం. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లలను చూసుకునే గది, ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చు. గచ్చిబౌలి, మాదాపూర్ పెద్ద ఆఫీసుల్లో పాలు పిండుకోవడానికి గది దొరకొచ్చు. అదే ఆఫీసు ఊడ్చే కాంట్రాక్టు ఉద్యోగినికో, ఆ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసేవాళ్ల ఇంట్లో పనిచేసే ఆవిడకో నెలన్నరకే పనిలోకి వెళ్లక తప్పదు, ఆ బిడ్డకు డబ్బా పాలు కొనే స్తోమతా ఉండదు, పల్చగా కలిపి పోస్తారు. ఇంట్లో పనిచేసే మనిషి బాలింత అయితే బిడ్డను వెంట తెచ్చుకోనివ్వడం, మధ్యలో పాలిచ్చుకోవడానికి అరగంట వదలడం ఏ చట్టం లేకుండానే చేయగలిగిన పని. పిండిన పాలు 25 డిగ్రీల లోపు చల్లగా ఉన్న గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి భాగంలో నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండాకాలంలో బయట పెట్టొద్దు, ఆఫీసు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న సంచి కావాలి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి వేడి చేయాలి, పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో కాదు.

ఇప్పటికే డబ్బా మీద పడిపోయిన బిడ్డ సంగతేంటి? మొదటి రెండు మూడు నెలల్లో అయితే చాలామందికి పాలు మళ్లీ తెప్పించవచ్చు. బిడ్డను రోజులో ఎక్కువసేపు బట్టలు లేకుండా తల్లి ఛాతీకి ఆనించి ఉంచాలి, రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, రొమ్ము పట్టించాలి. పాలు రాక విసుక్కునే బిడ్డకు సన్నటి ఫీడింగ్ ట్యూబు ఒక కొస చనుమొన పక్కన, ఇంకో కొస పాల గిన్నెలో పెట్టి పట్టిస్తే, చీకితే పాలు వస్తాయన్న నమ్మకం బిడ్డకు తిరిగి వస్తుంది, ఆ చీకడంతోనే తల్లికి పాలు పడతాయి. ట్యూబు పెట్టడం నర్సు దగ్గరో లాక్టేషన్ కన్సల్టెంట్ దగ్గరో నేర్చుకోవాలి. డబ్బా పాలు ఒక్కసారిగా ఆపకూడదు, వారానికి రెండుసార్లు బరువు, రోజూ ఉచ్చ లెక్క చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలి. కొందరికి వారంలో, కొందరికి నెలలో పాలు తిరిగి వస్తాయి. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు, అప్పుడు సగం తల్లిపాలు, సగం డబ్బా. ఆ సగమూ బిడ్డకు అందాల్సిందే.